మానిటర్ మసకబారితే ముందు అరగంట గమనించండి

ప్రశ్న: మాది అంబాజీపేట. కొబ్బరి కొట్టు లెక్కలన్నీ పాత కంప్యూటర్‌లోనే ఉన్నాయి. దాని 17 అంగుళాల లావు మానిటర్‌లో బొమ్మ బాగా మసకబారింది. బ్రైట్‌నెస్ 100కి పెట్టినా అంతే. బాగుపడుతుందాండీ?

జవాబు: బాగుపడవచ్చండీ. పిక్చర్ ట్యూబ్ అరిగిందా, సర్దుబాటు తప్పిందా అన్నది ముందు తేలాలి. అందుకు పెట్టె విప్పనక్కర్లేదు.

పొద్దున కొట్టు తెరవగానే మానిటర్ ఆన్ చేసి చూస్తూ ఉండండి. మొదట చీకటిగా ఉండి, పావుగంట, అరగంటకు మెల్లగా వెలుగు పుంజుకుంటుంటే ట్యూబ్‌లో ఎలక్ట్రాన్లను వదిలే క్యాథోడ్ నీరసించినట్టే. కాంట్రాస్ట్ పెంచితే తెల్లని భాగాలు వెండిపూత పూసినట్టు మెరిసి, అక్షరాల అంచులు అలుక్కుపోవడమూ అదే లక్షణం. అలాంటి ట్యూబ్ మీద డబ్బు పెట్టొద్దు.

అలా కాక, ఎంతసేపైనా ఒకే తీరుగా మసకగా ఉండి, అక్షరాలు మాత్రం పదునుగా కనిపిస్తే ఆశ ఉంది. లోపల, మెకానిక్కులు ఈహెచ్‌టీ అనే ట్రాన్స్‌ఫార్మర్ మీద సాధారణంగా రెండు తిప్పుడు మీటలుంటాయి: ఒకటి ఫోకస్, రెండోది స్క్రీన్. ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిన వెలుగును ఈ స్క్రీన్ మీటను రవ్వంత పెంచి చాలావరకు వెనక్కి తేవచ్చు. ఎక్కువ తిప్పితే నలుపు బూడిదరంగైపోతుంది, తెర మీద ఏటవాలు తెల్లగీతలు పడతాయి.

ఈ పని మాత్రం మీరు చేయకండి. రంగు ట్యూబ్‌కు అందేది దాదాపు 25,000 వోల్టులు. ప్లగ్ పీకేశాక కూడా ఆ ఛార్జి ట్యూబ్‌లో నిలిచి ఉంటుంది. పాత టీవీలు బాగుచేసిన అనుభవం ఉన్న మెకానిక్‌ను పిలవండి. అమలాపురం వైపు వాకబు చేసి చూడండి. కోనసీమ తేమకు లోపల పేరుకున్న దుమ్ము చెమ్మెక్కి చిటపటలాడుతుంటే వెంటనే ఆపేసి, ఆయన చేతే శుభ్రం చేయించండి.

రంగు కూడా మారి, పచ్చగానో ఎర్రగానో కనిపిస్తుంటే ముందు కంప్యూటర్ నుంచి మానిటర్‌కు బొమ్మను తెచ్చే వీజీఏ కేబుల్ చూడండి. 15 పిన్నుల్లో ఒకటి వంగినా, చిలుము పట్టినా ఒక రంగు పోవచ్చు.

మానిటర్ కన్నా లెక్కలు ముఖ్యం. ఈ వారంలోనే వాటికి నకలు తీయించండి. ట్యూబ్ పోయిందని తేలితే వీజీఏ పోర్టు ఉన్న ఎల్‌సీడీ మానిటర్ సెకండ్ హ్యాండ్‌లో కొనండి, అదే కంప్యూటర్‌కు తగులుకుంటుంది. పాతదాన్ని కాలవ గట్టున పడేయొద్దండీ, దాని ట్యూబ్ గాజులో సీసం ఉంటుంది. ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వండి.