ముగ్గులా కనిపించే దుంపతీగ

ప్రశ్న: ఆస్ట్రేలియా నుంచి మా కార్యాలయానికి వచ్చిన క్యాలెండరులో ఎమిలీ కామె ఎంగ్వారే అనే ఆదివాసీ వృద్ధురాలి 'బిగ్ యామ్ డ్రీమింగ్' చిత్రం చూశాను. నల్లని నేపథ్యం మీద అల్లుకుపోయిన తెల్లని గీతలే తప్ప కొండా చెట్టూ ఏవీ లేవు. చూడగానే మన మెలికల ముగ్గు గుర్తొచ్చింది. ఇది ఆమె నేల చిత్రమెలా అవుతుంది? ఇటువంటివి నేనూ వేసి అమ్మవచ్చునా?
– ఒక పాఠకురాలు, జయనగర, బెంగళూరు

జవాబు: 1995లో వేసిన ఆ చిత్రం మెల్‌బోర్న్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియాలో ఉంది. వెడల్పు ఎనిమిది మీటర్లు, ఎత్తు దాదాపు మూడు మీటర్లు కనుక క్యాలెండరు కాగితం మీద దాని ఊపు తెలియదు. మీరు చూసిన గీతలు మధ్య ఆస్ట్రేలియా ఎడారిలో మట్టి కింద పాకే ఒక దుంపతీగ వేళ్ళు. దుంప ఊరినప్పుడు పైన నేల బీటలు వారుతుంది. ఎక్కడ తవ్వాలో ఆ బీటలే స్త్రీలకు చెబుతాయి. ఎమిలీ పేరులోని 'కామె' ఆ తీగ విత్తనమే. ఆల్హల్కెర అనే తన పితృభూమిలో ఆ దుంపకు సంబంధించిన పూర్వగాథలనూ క్రతువులనూ కాపాడే బాధ్యత గల పెద్ద ఆవిడ. దాదాపు ఎనభయ్యో ఏట ఆక్రిలిక్ రంగులు చేపట్టి, 1996లో మరణించేలోగా వేలాది చిత్రాలు వేసిన ఆ చేతికి, స్త్రీల క్రతువుల్లో ఒంటి మీద గీతలు దిద్దే అలవాటు ఎన్నో ఏళ్ళ నాటిది. అందువల్ల అది నేలను దూరంగా నిలబడి చూసి వేసిన దృశ్యం కాదు, ఆ నేలతో తనకున్న సంబంధాన్ని చాటుకోవడం.

ఈ మాటను చట్టం ఎదుట కూడా చూపినవారున్నారు. గ్రేట్ శాండీ ఎడారి ప్రజలు 1997లో తమ భూహక్కు దావాకు సాక్ష్యంగా సుమారు పది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు గల చిత్రాన్ని కలిసి వేసి, ఎవరి నేల ఉన్న భాగం మీద వారు నిలబడి తమ భాషలో వాంగ్మూలం ఇచ్చారు. వారి హక్కుకు 2007లో గుర్తింపు లభించింది.

ఇక ముగ్గుతో పోలిక, నా దృష్టిలో, చేతి కదలిక వరకే చెల్లుతుంది. మెలికల ముగ్గు నేర్చిన ఎవరైనా ఏ వాకిట్లోనైనా వేయవచ్చు. ఆ దుంపతీగ గాథను మాత్రం ఆ హక్కు వంశపరంగా దక్కినవారే వేయాలి. ఆదివాసీ చిత్రాలను అనుమతి లేకుండా తివాచీలపై నేయించి అమ్మిన కేసులో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు 1994లో చిత్రకారులకు పరిహారం ఇప్పిస్తూ, సొంత సమాజంలో వారికి కలిగిన అవమానాన్నీ లెక్కలోకి తీసుకుంది. చుక్కలూ గీతలూ ఎవరి సొత్తూ కావు కనుక మీ ఊహతో మీరు నిరభ్యంతరంగా వేయండి. వారి గాథలనూ, వారి శైలి పేరునూ తగిలించి అమ్మకండి. అటువంటి చిత్రం ఇంట్లో ఉండాలనిపిస్తే, ఆదివాసీ సమాజాలే నడుపుకొనే కళాకేంద్రాల నుంచి, చిత్రకారుల పేరూ ఊరూ తెలిపే పత్రంతో కొనడం మేలు.