ఉప్పునీటి తడినేలకు బయోచార్, మైకోరైజా

ప్రశ్న: ఆటుపోట్లు తగిలే తడినేలలో గడ్డి మొక్కలు పెంచాలి. బయోచార్ (గాలి సరిగా అందకుండా కాల్చిన మొక్కల వ్యర్థాల బొగ్గు), మైకోరైజా (వేళ్లతో కలిసి బతికే మేలుచేసే శిలీంధ్రం) కలిపి పైన చల్లితే చాలా?

జవాబు: చాలదు. పొడి బయోచార్ నీటిపై తేలి, పోటుతో కొట్టుకుపోతుంది. మాగిన కంపోస్టుతో సమపాళ్లలో కలిపి, తడిపి, 2-3 వారాలు ఉంచండి. చదరపు మీటరుకు 1 కిలో బయోచార్ లెక్కన, ఆటు వేళ పై 10-15 సెంటీమీటర్ల మట్టిలో కలపండి. నేల పీహెచ్ 8 దాటితే ఎక్కువ వేడిలో కాల్చిన బయోచార్ వద్దు, క్షారగుణం ఇంకా పెరుగుతుంది.

మైకోరైజా శిలీంధ్రానికి మాత్రం బతికున్న వేరు, గాలి రెండూ కావాలి. నీరు నిలిచిన మట్టిలో అది వేరును పట్టుకోవడం కష్టం. అందుకే నారుమడిలోనే, విత్తనానికి కాస్త కింద వేసి, 6-8 వారాలు పెంచాక నాటండి. అప్పుడు ఫాస్ఫరస్ ఎరువు ఎక్కువ వేస్తే మొక్క శిలీంధ్రాన్ని దరిచేరనివ్వదు. తుంగజాతి మొక్కల్లో చాలావాటి వేళ్లకు ఈ శిలీంధ్రం పెద్దగా అంటదు.