ఎర్ర బియ్యానికి ఉన్న రంగు కెరోటినాయిడ్లది కాదు

“మన దేశవాళీ ఎర్ర బియ్యంలోనూ, నల్ల బియ్యంలోనూ కెరోటినాయిడ్లు ఉన్నప్పుడు జన్యుమార్పిడి చేసిన బంగారు బియ్యం మనకెందుకు?” అని ఒకరు అడిగారు. కెరోటినాయిడ్లంటే క్యారెట్ వంటి వాటికి పసుపు, నారింజ రంగునిచ్చే పదార్థాలు. వాటిలో ఒకటైన బీటా కెరోటిన్ నుంచి మన శరీరం విటమిన్ ఎ తయారు చేసుకుంటుంది. అది గింజలోనే తయారయ్యేలా జన్యువులు చేర్చిన వరే ఈ బంగారు బియ్యం. జూనియర్ కళాశాలలో చాలాకాలం రసాయన శాస్త్రం బోధించిన అనుభవంతో చెబుతున్నాను, ఈ ప్రశ్నకు పునాదిగా ఉన్న నమ్మకమే సరైనది కాదు. వరి ఆకులో కెరోటినాయిడ్లు సమృద్ధిగా ఉంటాయి కానీ, పాలిష్ పట్టిన తర్వాత గింజలో మిగిలే తెల్లని భాగంలో, ఏ సంప్రదాయ రకాన్ని తీసుకున్నా, బీటా కెరోటిన్ ఉండదనే చెప్పాలి. తవుడు పొరలో ఉండేది కూడా లేశమాత్రమే. ఎర్ర బియ్యానికి ప్రోయాంథోసయనిడిన్లు, నల్ల బియ్యానికి ఆంథోసయనిన్లు రంగునిస్తాయి. వీటి నుంచి మన శరీరం విటమిన్ ఎ తయారు చేసుకోలేదు.

కొంతకాలం క్రితం తణుకులో జరిగిన ఒక ప్రకృతి వ్యవసాయ సంతలో, ఎర్ర బియ్యం బస్తాల ముందు “క్యారెట్‌ను మించిన విటమిన్ ఎ” అన్న బోర్డు చూశాను. చీకటి పడితే తన కొడుకుకు చూపు సరిగా ఆనడం లేదని చెబుతూ ఒక తల్లి ఆ బియ్యం కొంటోంది. అది చూసి ఊరుకోలేక, పక్కనున్న టిఫిన్ బండి వద్ద రెండు గ్లాసుల్లో గోరువెచ్చని సన్‌ఫ్లవర్ నూనె పోయించుకుని, ఒకదానిలో క్యారెట్ తురుము, మరొకదానిలో ఆ బియ్యపు పిండి వేసి కలిపాను. కాసేపటికి మొదటి గ్లాసులో నూనె నారింజ రంగుకు తిరిగింది. రెండవదానిలో పిండి అడుగున పేరుకుంది తప్ప నూనెకు ఆ ఎరుపు అంటలేదు. కెరోటినాయిడ్లు నూనెలో కరుగుతాయి కనుక, ఉంటే కనబడవలసింది అక్కడే. “రంగుంది కదండీ మాస్టారూ, బలం ఉండదంటారా?” అన్నాడు ఆ దుకాణదారు. పీచు, ఖనిజాలు ఉన్నాయి, అలాగే అమ్ముకోమన్నాను. ఆమెను మాత్రం బాబును వెంటనే కంటి వైద్యుడికి చూపించమని, తొమ్మిది నెలల నుంచి ఐదేళ్ల వయసు వరకు ప్రభుత్వం ఉచితంగా వేసే విటమిన్ ఎ చుక్కలు వాడికి పడ్డాయో లేదో ఆశా కార్యకర్తను అడగమని చెప్పాను. రేచీకటి ఉన్న పిల్లల తల్లులకు ఇలాంటి బోర్డులు పెట్టి బియ్యం అమ్మడం నా దృష్టిలో క్షమించరాని పని.

ఇక బంగారు బియ్యం సంగతి. శాస్త్రవేత్తలు ఇంగో పోట్రికస్, పీటర్ బేయర్‌ల బృందం 2000లో ప్రకటించిన మొదటి బియ్యంలో గ్రాముకు 1.6 మైక్రోగ్రాముల కెరోటినాయిడ్లే ఉన్నాయి. అందులోని డాఫోడిల్ పువ్వు జన్యువుకు బదులుగా మొక్కజొన్న జన్యువును వాడినప్పుడు, 2005 నాటికి అది గరిష్ఠంగా 37 మైక్రోగ్రాములకు చేరింది. పొలానికి వచ్చిన రకాల్లో ఇంతకంటే బాగా తక్కువే ఉంటుంది. నిల్వలో గాలి తగిలి మరికొంత నశిస్తుంది. విమర్శకులు మొదటి అంకె దగ్గరా, సమర్థకులు రెండవ అంకె దగ్గరా ఆగిపోయి వాదించుకోవడం నాకు విసుగు తెప్పిస్తుంది.

మన మార్టేరు పరిశోధనా స్థానం ఇచ్చిన స్వర్ణ వరిలోకి కూడా ఢిల్లీ శాస్త్రవేత్తలు ఈ గుణాన్ని తెచ్చారు. అయితే వారు వాడిన వంగడంలో కొత్త జన్యువు, మొక్క ఎదుగుదలకు అవసరమైన మరొక జన్యువు మధ్యలో పడి దాన్ని పాడుచేయడంతో, మొక్కలు గిడసబారి, ఆకులు పాలిపోయి, దిగుబడి పడిపోయిందని 2017లో ప్రచురించారు. దీన్ని చూపించి మొత్తం పద్ధతినే కొట్టివేయడం తొందరపాటు. జన్యువు మరో చోట కుదిరిన వేరొక వంగడంతోనే ఫిలిప్పీన్స్ 2021లో సాగుకు అనుమతినిచ్చింది. 2024లో అక్కడి న్యాయస్థానం దాన్ని నిలిపివేసింది.

మీ ఇంట్లో మునగాకు పప్పు, తోటకూర, బొప్పాయి తరచుగా తింటూ, కూరలో కాస్త నూనె వేస్తుంటే మీకు ఈ బియ్యం అవసరం లేదు. నూనె లేకుండా ఆకుకూర ఉడికించి తినమని చెప్పేవారి సలహా వినకండి. కొవ్వు లేకుంటే కెరోటిన్ సరిగా ఒంటబట్టదు. అయితే కంచం నిండా అన్నం, దాని పక్కన నీళ్ల చారు మాత్రమే ఉండే ఇళ్లలోని పిల్లల కోసం, ఆ రెండవ వంగడాన్ని స్వర్ణలోకి, సాంబ మసూరిలోకి తెచ్చి మన పొలాల్లోనే పరీక్షించి తీరాలన్నది నా గట్టి అభిప్రాయం.