మైన్‌క్రాఫ్ట్‌లో పంట తొందరగా రావాలంటే వేగం ఎంత పెట్టాలి?

“రాండమ్ టిక్ స్పీడ్‌ను 3 నుంచి ఎంత దాకా పెంచొచ్చు, పెంచితే ఏమైనా పాడవుతుందా” అని ఒకరు అడిగారు. మైన్‌క్రాఫ్ట్ అంటే దిమ్మెలు పేర్చి కట్టుకునే కంప్యూటర్ ఆట, ఈ స్పీడ్ అందులో పంట ఎంత తొందరగా పెరగాలో మార్చే అంకె. పెంచితే పాడవుతుంది. మా మేనల్లుడు ఆటలో కట్టిన రామప్ప గుడే సాక్ష్యం. పాడుచేసింది నేనే.

దసరా సెలవులకు మా అక్క కొడుకు హైదరాబాద్ నుంచి పరకాల దగ్గర మా ఊరికి వచ్చాడు. ఏడో తరగతి. బతుకమ్మకు తంగేడు పువ్వు తెద్దాం రారా అంటే కదలడు, ల్యాప్‌టాప్ ముందే కూర్చుంటాడు. నెల రోజుల నుంచి అందులో రామప్ప కడుతున్నాడట. గోడలకు ఎర్ర ఇసుకరాయి, మదనికలకు డీప్‌స్లేట్ అనే నల్లటి రాయి, విమానానికి ఇటుక, ఆ పైన రాగి దిమ్మెలతో తళతళలాడే కలశం. రాగి కలశం ఎక్కడ చూసినవురా అంటే “మామా, ఇది నా రామప్ప” అన్నాడు. ఇష్టమొచ్చింది కట్టుకునే ఈ రకం ఆటలను శాండ్‌బాక్స్ అంటారు కదా, పాలంపేటలో అసలు గుడి నిలబడ్డదీ శాండ్‌బాక్స్ పునాది మీదే, ఇసుక నింపిన గుంత మీద. ఈ మాట వాడికి చెప్పి మురిసిపోయాను. వాడు పట్టించుకోలేదు.

గుడి పక్కన ఆవుల కోసం గోధుమ వేశాడు. అది పెరగట్లేదని వాడి బాధ. మంచం ఎక్కుతాడు, పడుకుంటాడు, తెల్లారుతుంది, పరుగెత్తి పోయి చూస్తాడు, మొలక అట్లనే ఉంటుంది. మళ్ళీ మంచం. వెనక కూర్చుని చూస్తున్న మా బాపు ఉండబట్టలేక అన్నాడు: “పండుకుంటె పంట పెరుగుతదారా? గట్లుంటె నేను మంచమే దిగకపోదు.”

బాపు ఆ ఆట జన్మలో ఆడలేదు గానీ చెప్పింది అక్షరాలా నిజం. ఆటలో పడుకుంటే గడియారం ఒక్కసారిగా పొద్దుటికి దూకుతుంది, అంతే. ఆ రాత్రిలో జరగాల్సిన టిక్‌లు, అంటే ఆట ముందుకు వేసే చిన్న చిన్న అడుగులు, జరగవు. పంట పెరిగేది టిక్‌లతో, తెల్లారడంతో కాదు. వీడియోలు తీసేవాళ్ళు ఈ ముక్క ఒక్కటి చెప్పరు, “ఫ్రెండ్స్, లైక్ కొట్టండి” అని మాత్రం మూడుసార్లు చెప్తారు.

వేగం అని అందరూ ఒకే మాట వాడతారు, అక్కడే వస్తుంది తంటా. ఆట సెకనుకు 20 టిక్‌లు నడుస్తుంది, ఆటలో ఒక రోజంటే మనకు 20 నిమిషాలు. 2023 డిసెంబర్‌లో వచ్చిన 1.20.3 వెర్షన్ నుంచి, కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్‌లో టిక్ రేట్ అనే కమాండ్ ఉంది, దాన్ని 40 చేస్తే ఆవు నడక, వాన, నీ పరుగు, అన్నీ రెండింతలు అవుతాయి, నీ కంప్యూటర్‌కు ఆ సత్తా ఉంటే. మా వాడి ల్యాప్‌టాప్‌కు లేదు. 40 పెట్టగానే దాని ఫ్యాన్ వడ్లు తూర్పారబట్టే ఫ్యాన్ లెక్క మొత్తుకుంది. రాండమ్ టిక్ స్పీడ్ వేరు. 16 పొడవు, 16 వెడల్పు, 16 ఎత్తు ఉన్న గది అనుకోండి, అందులో 4096 దిమ్మెలు పడతాయి. ఆట ప్రతి టిక్‌కూ అందులోంచి 3 దిమ్మెలను చిట్టీ తీసినట్టు తీస్తుంది. చిట్టీ తగిలిన దిమ్మె గోధుమైతే, అదృష్టం బాగుంటే ఒక మెట్టు పెరుగుతుంది. లెక్క వేస్తే ఒక్కో దిమ్మెకు సగటున 68 సెకన్లకు ఒకసారి వంతు వస్తుంది. ఆ 3 అదే. ఫోన్లో ఆడే బెడ్‌రాక్‌లో అయితే మామూలుగా 1 ఉంటుంది.

మామను కదా, తెలివి చూపించాలి. చీట్స్ ఆన్ చేసి రాండమ్ టిక్ స్పీడ్ 1000 కొట్టాను. గోధుమ కళ్ళ ముందే లేచింది. పచ్చగా, ఇంకా పొడుగ్గా, తర్వాత బంగారు రంగు, అన్నీ పది సెకన్లలో. మేనల్లుడు కుర్చీలోంచి లేచి ఎగిరాడు. అక్క అన్నానికి పిలిచింది, పోయాం. 1000 అట్లనే ఉంది. పచ్చి పులుసు ఉంటే నేను తొందరగా లేవను, అది నా బలహీనత.

వచ్చి చూసేసరికి కలశం ఆకుపచ్చ. పాత బిందె మీద చిలుము పట్టినట్టు 54 దిమ్మెలూ పచ్చబడ్డాయి. గుడి చుట్టూ వాడు ఓపిగ్గా పరిచిన మట్టి ప్రాంగణం నిండా గడ్డి. చెరువు గట్టున చెరుకు మూడు దిమ్మెల ఎత్తు లేచి నిలబడింది. చిట్టీ గోధుమకొక్కదానికే తగలదు కదా, రాగికి చిలుము పట్టేది, మట్టికి గడ్డి పాకేది కూడా ఆ చిట్టీతోనే. గోధుమకు వయసు పెంచబోయి గుడికి వయసు పెంచాను. వాడు ఏడవలేదు. “మామా, నువ్వింక కీబోర్డు ముట్టకు” అన్నాడు మెల్లగా. ఏడ్చినా బాగుండేది.

అందుకే ఇప్పుడు నా మాట: 3 దాటించినవాడు ఆట ఆడటం మానేసి ఫలితం కోసం ఆడుతున్నట్టే. సినిమాను ఒకటిన్నర వేగంలో చూసేవాళ్ళు, కాజీపేట దాకా పోయే రోడ్డు మీద సిగ్నల్ ఎరుపు పడ్డాక కూడా హారన్ కొట్టేవాళ్ళు, వీళ్ళే రాండమ్ టిక్ స్పీడ్ పెంచేవాళ్ళని నా గట్టి నమ్మకం.

పెంచకుండానే పంట తొందరగా తెచ్చుకోవచ్చు. నాలుగు దిమ్మెల దూరం లోపల నీళ్ళుండాలి. రాత్రి వెలుతురుండాలి. పంటను పొలం నిండా దట్టంగా కాకుండా సాళ్ళు సాళ్ళుగా పెట్టి, ఒక సాలు గోధుమ, పక్క సాలు క్యారెట్ వేస్తే త్వరగా వస్తుంది. ఈ మాట వాడు చదివి వినిపిస్తే బాపు నవ్వాడు, “పత్తిల కంది సాలు ఏస్తం, మనకు కొత్తనా” అని. ఇంకోటి, పొలం విడిచి మరీ దూరం పోకు, నువ్వు దగ్గర్లో లేకపోతే అక్కడ పెరగడమే ఆగిపోతుంది. బోన్‌మీల్, అంటే ఎముకల గుండ, చల్లితే పంట వెంటనే మెట్లు ఎక్కుతుంది. బాపు అడిగాడు, గది యూరియా లెక్కనా అని. అవునన్నాను. “లైన్ల నిలబడాల్నా?” అన్నాడు. ఆ సీజన్‌లో మా మిర్చికి రెండు బస్తాల కోసం ఆయన చెప్పులు వరుసలో పెట్టి పొద్దు గడిపాడు, ఒక్కటే దొరికింది. ఎముకల గుండకు లైన్ లేని ఆట ఆయనకు బాగా నచ్చింది.

కలశం సంగతి. చిలుము పట్టిన రాగిని ఆటలో గొడ్డలితో గీకొచ్చు, ఒక్కో దెబ్బకు ఒక్కో పొర పోతుంది. పూర్తిగా పచ్చబడ్డ దిమ్మెకు మూడు దెబ్బలు, 54కు 162. వాడు సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం దాకా గీకాడు, నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాను. మళ్ళీ చిలుము పట్టొద్దంటే తేనెపట్టు మైనం పూయాలట. మైనం కోసం తేనెతుట్టె దగ్గరికి పోయి కత్తెర ఎత్తాడు, ఈగలు ఎర్రబడి వెంటపడ్డాయి, రెండుసార్లు చచ్చాడు.

మంచంలోంచి బాపు గొంతు: “కింద పొగ పెట్టురా, పొగ లేకుంట తేనె ఎవడు దీస్తడు?”

మేనల్లుడు నన్ను చూశాడు. నేను భుజాలెగరేశాను. వాడు తుట్టె కింద నెగడు పెట్టి, పొగ పైకి లేచేదాకా ఆగి కత్తెర వేశాడు. ఒక్క ఈగ కదల్లేదు.

“తాతా, నువ్వీ ఆట ఎప్పుడు ఆడినవ్?” అని అడిగాడు. బాపు అప్పటికే అటు తిరిగి పడుకున్నాడు.