నూక్ కలర్‌ని టాబ్లెట్ చేద్దామనుకుంటున్న అల్లుడికి

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. పాత నూక్ కలర్ ఒకటి చేతికొచ్చిందని, దాన్ని పూర్తి ఆండ్రాయిడ్ టాబ్లెట్ చేసేస్తానని, ఈ రాత్రికే మొదలుపెడతానని రాశావు. ఈ రాత్రికి ఆగరా. నేను ఈ పని నా నూక్ మీద చేశాను, స్నేహితులవి రెండు మూడు చేసిపెట్టాను, ఒకసారి చెడగొట్టుకుని రెండు రోజులు తంటాలు పడి మళ్లీ బతికించుకున్నాను కూడా, అందుకే ఎక్కడ కాలు జారుతుందో నాకు బాగా తెలుసు. ఈ ఉత్తరం చివరిదాకా చదివాకే మెమరీ కార్డు ముట్టుకో.

ముందు నీ చేతిలో ఉన్నదేంటో చెబుతాను. అమెరికాలో పుస్తకాల షాపులు నడిపే బార్న్స్ అండ్ నోబుల్ కంపెనీ దీన్ని 2010 నవంబరులో 249 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అదే ఏడాది వచ్చిన ఐప్యాడ్‌లో అన్నిటికన్నా తక్కువ రకం 499 డాలర్లు, అంటే ఇది దాంట్లో సగం ధర. పుస్తకాలు చదువుకునే యంత్రమని అమ్మారు గానీ లోపల ఉన్నది ఆండ్రాయిడే, మొదట్లో 2.1, తర్వాత 2011లో అప్‌డేట్‌తో 2.2 అయింది. ఏడంగుళాల ఐపీఎస్ తెర, 1024 బై 600 పిక్సెళ్లు, 800 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, 8 జీబీ మెమరీ, పక్కన మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టుకునే చోటు. టాబ్లెట్‌కి కావాల్సిన సరుకంతా ఉంది, సాఫ్ట్‌వేర్‌తో తలుపు వేసి ఉంచారంతే. అందుకే అప్పట్లో అంతమంది దాని వెంట పడ్డారు.

లేనివి కూడా ఇప్పుడే తెలుసుకుంటే తర్వాత ఉసూరుమనవు. కెమెరా లేదు, మైకు లేదు, జీపీఎస్ లేదు. బ్లూటూత్ మాత్రం వైఫై చిప్‌లోనే ఉంది, కంపెనీ దాన్ని వాడకుండా వదిలేస్తే బయటివాళ్లు సయనోజెన్‌మాడ్ (ఔత్సాహికులు మార్చి తయారుచేసిన ఆండ్రాయిడ్) పెట్టి లేపారు, కానీ దాని పరిధి చాలా తక్కువ, కీబోర్డు పక్కనే పెట్టుకుంటే పనిచేస్తుంది, గది అవతలి స్పీకర్‌కి అందదు.

ఇక అసలు విషయం. ఈ నూక్ కలర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఏంటంటే, ఆన్ చేయగానే అది లోపలి మెమరీకన్నా ముందు మెమరీ కార్డు వైపు చూస్తుంది. కార్డులో బూట్ అయ్యే (ఆన్ కాగానే లేచే) సిస్టమ్ దొరికితే దాన్నే లేపుతుంది, దొరక్కపోతే లోపల ఉన్న కంపెనీ సిస్టమ్‌ని లేపుతుంది. దీని అర్థం ఏంటో ఒక్కసారి ఆలోచించు. నువ్వు కొత్త ఆండ్రాయిడ్ మొత్తాన్ని కార్డులోనే పెట్టుకుని నడపొచ్చు, లోపల ఉన్నది గీత కూడా పడకుండా అలాగే ఉంటుంది, కార్డు తీసేసి ఆన్ చేస్తే మళ్లీ పాత పుస్తకాల యంత్రమే. ఇంత సులువైన వెనక దారి చాలా పరికరాలకు ఉండదు. ఏడాది తర్వాత వచ్చిన నూక్ టాబ్లెట్‌కి ఆ కంపెనీయే బూట్‌లోడర్‌కి (ఆన్ కాగానే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్‌కి) తాళం వేసి అమ్మింది. నీకు దొరికింది కలర్ కావడం నీ అదృష్టం, కాబట్టి మొదటి నెలంతా కార్డు మీదే నడుపు, లోపలికి ఏదీ ఎక్కించకు. ఎవరేం చెప్పినా సరే, లోపల పెడితే స్పీడ్ పెరుగుతుందని ఎంత ఊరించినా సరే.

కార్డు ఎంచుకోవడంలో చాలామంది బోల్తా పడతారు, నేనూ పడ్డాను. కవర్ మీద క్లాస్ 10 అని ఉంటే క్లాస్ 4 కన్నా మంచిదనుకుని కొన్నాను. సయనోజెన్‌మాడ్ 7 ఎక్కించాను, లేచింది, కానీ ఏ యాప్ నొక్కినా నాలుగైదు సెకన్లు బిగుసుకుపోయేది, కీబోర్డు మీద అక్షరం కొడితే తెర మీదికి రావడానికి ఊపిరి బిగబట్టి చూడాల్సి వచ్చేది. తప్పు సిస్టమ్‌దేమో అనుకుని మూడుసార్లు మళ్లీ ఎక్కించాను. చివరికి డ్రాయర్‌లో పడి ఉన్న పాత క్లాస్ 4 కార్డులో అదే ఫైలు వేసి చూస్తే హాయిగా పరుగెత్తింది. తర్వాత చదివితే అర్థమైంది, ఆ క్లాస్ అంకె పెద్ద ఫైలుని వరసగా రాసే వేగానికి సంబంధించింది, కెమెరాలో వీడియో తీసేవాళ్లకు అది ముఖ్యం. ఆండ్రాయిడ్ నడిచేటప్పుడు జరిగేది వేరు, చిన్న చిన్న ముక్కలు అక్కడొకటి ఇక్కడొకటి క్షణక్షణం రాస్తూ చదువుతూ ఉంటుంది, ఆ పనిలో కొన్ని క్లాస్ 10 కార్డులు చాలా నెమ్మది. ఇప్పుడు దొరికే కార్డుల మీద ఏ1 అనే గుర్తు ఉంటుంది చూడు, అది యాప్‌లు నడపడం కోసం చిన్న ముక్కల వేగాన్ని కొలిచి ఇచ్చే గుర్తు. అది ఉన్నది తీసుకో. 32 జీబీ దాటొద్దు, ఈ నూక్‌కి అదే హద్దు.

కార్డులోకి ఇమేజ్ (కార్డు మొత్తానికి అచ్చు లాంటి ఒకే ఫైలు) రాసేటప్పుడు గుండె చేత్తో పట్టుకుని చెయ్యి. మామూలుగా ఫైలు కాపీ చేసినట్టు చేస్తే కుదరదు, విన్32 డిస్క్ ఇమేజర్ లాంటి ప్రోగ్రామ్‌తో రాయాలి, అది నువ్వు చూపించిన డ్రైవ్‌ని మొదటి నుంచి చెరిపేసి రాస్తుంది. నేను ఒకసారి తొందరలో డ్రైవ్ అక్షరం సరిగ్గా చూడకుండా రైట్ నొక్కేశాను, కార్డు బదులు ఇంటి ఫొటోలున్న ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద రాసేసింది. నొక్కిన మరుక్షణం తెలిసింది, కేబుల్ పీకేశాను, అయినా పార్టిషన్ టేబుల్ (డిస్కులో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక) పోయింది. రికవరీ ప్రోగ్రామ్‌తో చాలా ఫొటోలు వచ్చాయి, మీ అత్త వాళ్ల నాన్నగారి ఫొటోలు కొన్ని రాలేదు. అందుకే చెబుతున్నా, రాసే ముందు కార్డు తప్ప మిగతా పెన్‌డ్రైవ్‌లు, డిస్కులు అన్నీ పీకేసి పక్కన పెట్టు. డ్రైవ్ అక్షరాన్ని రెండుసార్లు, సైజుని ఒకసారి చూడు. అప్పుడు నొక్కు.

రాసాక కంప్యూటర్‌లో చూస్తే 32 జీబీ కార్డు చిన్న డ్రైవ్‌లా కనిపిస్తుంది, కంగారుపడకు, విండోస్‌కి మొదటి పార్టిషన్ (కార్డులో ఒక భాగం) ఒక్కటే కనిపిస్తుంది. "ఫార్మాట్ చేయమంటారా" అని విండోస్ అడిగితే వద్దను. ఆ మొదటి పార్టిషన్‌లో ఎమ్‌ఎల్‌ఓ అని ఒక చిన్న ఫైలు ఉంటుంది, నూక్ ఆన్ కాగానే వెతికేది దాన్నే. అది యూ-బూట్ అనే బూట్‌లోడర్‌ని లేపుతుంది, యూ-బూట్ కెర్నెల్‌ని (సిస్టమ్ గుండెకాయని) లేపుతుంది, కెర్నెల్ ఆండ్రాయిడ్‌ని లేపుతుంది. ఎప్పుడైనా ఈ ఫైళ్లని చేత్తో కాపీ చేయాల్సి వస్తే ఖాళీ పార్టిషన్‌లో ఎమ్‌ఎల్‌ఓని అన్నిటికన్నా ముందు కాపీ చెయ్యి, ఆ వరస తప్పితే కొన్నిసార్లు కార్డు బూట్ కాదు, కారణం తెలియక జుట్టు పీక్కుంటావు.

తర్వాత సిస్టమ్ జిప్ ఫైలుని అదే పార్టిషన్‌లో పెట్టి, నూక్‌ని పూర్తిగా ఆఫ్ చేసి, కార్డు పెట్టి ఆన్ చెయ్యి. నల్లటి తెర మీద పెంగ్విన్ బొమ్మ, కింద గబగబా అక్షరాలు పరుగెడతాయి. ఎంతసేపయినా దాన్ని ముట్టుకోకు, పని అయ్యాక అదే ఆగిపోతుంది. మళ్లీ ఆన్ చేస్తే కొత్త ఆండ్రాయిడ్. మొదటిసారి లేవడానికి చాలా నిమిషాలు పడుతుంది, బిగుసుకుపోయిందనుకుని మధ్యలో ఆపేసేవాళ్లు ఎక్కువ.

ఫైళ్ల సంగతి ఒకటి. సయనోజెన్‌మాడ్ 2016 డిసెంబరులో మూతపడింది, దాని సొంత సర్వర్లు లేవు, దాన్నుంచి పుట్టిన లీనేజ్ ఓఎస్ ఇంత పాత పరికరాల జోలికి రాదు. కాబట్టి నీకు దొరికేవన్నీ ఎవరో ఒకరు దాచిపెట్టిన కాపీలే. ఎమ్‌డీ5 అంకె (ఫైలు చెడకుండా దిగిందో లేదో చెప్పే గుర్తు) ఇచ్చి ఉంటే తప్పకుండా సరిచూసుకో, సగం దిగిన జిప్ ఎక్కించి రాత్రంతా కూర్చున్నవాళ్లని చూశాను.

ఇప్పుడు ఏ వెర్షన్ అన్నది. చాలామంది నీకు సయనోజెన్‌మాడ్ 7 పెట్టుకోమంటారు, అది ఆండ్రాయిడ్ 2.3.7, ఈ ప్రాసెసర్ మీద నిజంగానే అన్నిటికన్నా చురుగ్గా నడుస్తుంది. కానీ రెండు చిక్కులున్నాయి. 2021 సెప్టెంబరు 27 నుంచి 2.3.7, అంతకన్నా పాత ఆండ్రాయిడ్‌లలో గూగుల్ లాగిన్ ఆపేసింది, అంటే ప్లే స్టోర్ లేదు, జీమెయిల్ యాప్ లేదు. రెండోది నీకూ నాకూ ఇంకా పెద్ద చిక్కు. అందులో తెలుగు అక్షరాలు రావు, గడులు గడులుగా కనిపిస్తాయి. ఆండ్రాయిడ్‌లో తెలుగు ఫాంటు 4.1తోనే వచ్చింది. ఫాంటు లోపలే ఇమిడి ఉన్న పీడీఎఫ్, స్కాన్ చేసిన పుస్తకం అయితే 2.3లో కూడా బాగానే చదవొచ్చు, ఈపబ్ (ఈ-పుస్తకాల ఫైలు రకం) పుస్తకమో తెలుగు వెబ్‌సైటో తెరిస్తే మాత్రం గడులే.

నువ్వు తెలుగు పుస్తకాలు చదవడానికే కావాలన్నావు కాబట్టి నా మాట విని 4.1 ఉన్న సయనోజెన్‌మాడ్ 10గానీ, 4.4 ఉన్న 11గానీ పెట్టు. 4.4ని గూగుల్ 512 ఎంబీ ర్యామ్ ఉన్న పరికరాల్లో కూడా నడిచేలా చేసింది, ఈ నూక్‌లో సరిగ్గా అంతే ఉంది. 7తో పోలిస్తే కొంచెం నెమ్మదిగా ఉంటుంది, ఆ నెమ్మది నేను భరిస్తాను, అక్షరాల బదులు గడులు చూడడం భరించలేను. దీంట్లో కూడా గూగుల్ యాప్‌లు ఎక్కించకు, 4.4కి ప్లే సర్వీసెస్ (గూగుల్ యాప్‌లు ఆధారపడే ప్రోగ్రామ్) అప్‌డేట్లు 2023లోనే ఆపేశారు, ఉన్న కాస్త ర్యామ్‌నీ అవే తినేస్తాయి. పుస్తకాలు చదివే యాప్‌లు కూల్‌రీడర్‌గానీ ఎఫ్‌బీరీడర్‌గానీ పాత వెర్షన్ ఏపీకే (యాప్ ఫైలు) తెచ్చి నేరుగా ఎక్కించు, కంప్యూటర్‌లో కాలిబర్ అనే ఈ-పుస్తకాల ప్రోగ్రామ్‌తో పుస్తకాలు సర్దుకుని కేబుల్‌తో పంపుకో. బ్యాంకు యాప్‌లు, పాస్‌వర్డ్‌లు ఉన్న అకౌంట్లు దీని దరిదాపులకు తీసుకురాకు, ఏళ్ల తరబడి సెక్యూరిటీ అప్‌డేట్ లేని సిస్టమ్ అది. వెబ్‌సైట్లు కూడా కొన్ని తెరుచుకోవు, పాత ఆండ్రాయిడ్‌లకు ఇప్పటి హెచ్‌టీటీపీఎస్ (వెబ్‌సైట్లతో భద్రంగా మాట్లాడే) భాష సరిగ్గా రాదు.

ప్రాసెసర్‌ని 800 నుంచి ఒక గిగాహెర్ట్జ్‌కి పెంచుకోవచ్చు, 1.1 దాకా కూడా వెళ్లేవాళ్లున్నారు. చదువుకోవడానికి అవసరం లేదు, బ్యాటరీ ఊరికే కరిగిపోతుంది, వదిలెయ్.

నెల గడిచాక, అన్నీ నచ్చాక, లోపలి మెమరీలోనే పెట్టుకోవాలనిపిస్తే అప్పుడు నాకు ఫోన్ చెయ్యి, కలిసి చేద్దాం. దానికి ముందు ఒక్క పని మాత్రం ఈ వారమే చేసి పెట్టుకో. లోపలి మెమరీలో "రోమ్" అనే చిన్న పార్టిషన్ ఉంటుంది (మనం ఎక్కించే సిస్టమ్‌ని కూడా జనం రోమ్ అనే అంటారు, అది వేరు, ఇది వేరు). దాంట్లో నీ నూక్ సీరియల్ నంబరు, వైఫై మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే నంబరు) ఉంటాయి. అవి నీ ఒక్క పరికరానివే, పోతే ఇంకో నూక్ నుంచి తెచ్చి పెట్టడానికి కుదరదు. నేను చెడగొట్టుకున్నది ఇక్కడే, రికవరీలో (సిస్టమ్ ఎక్కించడానికి, చెరపడానికి వాడే మెనూలో) ఫార్మాట్ అని కనిపించిన ప్రతిదాన్నీ నొక్కాను, సిస్టమ్ అంతా బాగానే లేచింది, పాత సాఫ్ట్‌వేర్‌కి వెళ్దామంటే మాత్రం అది తన పేరే మర్చిపోయినట్టు మొదటి స్క్రీన్ దాటలేదు. రెండు రోజులు పట్టింది, పాత బ్యాకప్ ఒకటి దొరకబట్టి గట్టెక్కాను. ఆ పార్టిషన్‌ని ఫైలుగా కాపీ చేసి రెండు చోట్ల దాచు, ఒకటి నాకు పంపు.

పాత సాఫ్ట్‌వేర్‌కి తిరిగి వెళ్లడానికి ఇంకో దారి కూడా ఉంది, గుర్తుపెట్టుకో. కార్డు తీసేసి నూక్ ఆన్ చెయ్యి, తెర వెలగగానే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆఫ్ చెయ్యి. ఇలా వరసగా ఎనిమిదిసార్లు బూట్ మధ్యలో ఆపేస్తే, లోపల దాచి ఉన్న మొదటి సాఫ్ట్‌వేర్‌ని అది తనంతట తనే మళ్లీ ఎక్కించుకుంటుంది. లోపలి పార్టిషన్లు చెక్కుచెదరకుండా ఉంటేనే ఇది పనిచేస్తుంది, నొక్కిన ప్రతిసారీ లెక్కపెట్టుకోవాలి, నాలుగోసారికి ఓపిక పోయి వదిలేస్తే మళ్లీ మొదటి నుంచి.

చివరగా ఛార్జింగ్. దానితో వచ్చిన కేబుల్ చూడ్డానికి మైక్రో యూఎస్‌బీలానే ఉంటుంది కానీ కొన కొంచెం పొడుగు, లోపల అదనపు పిన్నులున్నాయి, గోడ ఛార్జర్‌తో పెడితేనే పూర్తి కరెంటు తీసుకుంటుంది. కొన దగ్గర చిన్న లైటు నారింజ రంగులో వెలిగితే ఎక్కుతున్నట్టు, ఆకుపచ్చ అయితే నిండినట్టు. లైటే వెలగకపోతే మామూలు కేబుల్ పెట్టావన్నమాట, అది రాత్రంతా పెట్టినా నత్తనడకే. ఆ కేబుల్ మెడ దగ్గర తొందరగా తెగుతుంది, పట్టుకుని లాగకు, ప్లగ్గు పట్టుకుని తియ్యి. ఇమేజ్ రాసే రోజు బ్యాటరీ సగానికి పైగా ఉండాలి.

రేపు పొద్దున ముందు కేబుల్ పెట్టి ఆ లైటు ఏ రంగులో వెలుగుతోందో ఫొటో తీసి పంపు. కార్డు సంగతి ఆ తర్వాత చూద్దాం.

మీ మామయ్య