టాంజెంట్‌కు జూలియా సమితి: విలువ 100 దాటితే ఆపేయవచ్చా?

వర్గానికి స్థిరాంకం కలిపే ప్రమేయానికి రాసుకున్న ప్రోగ్రాములో టాంజెంట్ పెట్టి, మాడ్యులస్ (సున్నా నుంచి దూరం) 100 దాటగానే బిందువు అనంతానికి పోయినట్టు రంగు వేస్తే జూలియా సమితి (ప్రమేయాన్ని మళ్లీ మళ్లీ వేస్తూ పోతే, మొదలుపెట్టిన చోటును రవ్వంత జరిపినా దారి పూర్తిగా మారిపోయే బిందువుల సమితి) వస్తుందా అని అడిగారు. రాదండి. తిరుపతిలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేటప్పుడు నేనూ ఇదే పని చేసి, వాస్తవ అక్షం పొడవునా పూసల్లా వచ్చిన ఎర్ర చుక్కలను చూసి మురిసిపోయి, జిరాక్స్ షాపులో కలర్ ప్రింటు తీయించి మరీ మా గైడు గారి బల్ల మీద పెట్టాను. ఆయన ఒక చుక్క మీద పెన్ను ఆనించి, "దీని తరువాతి అడుగు చేత్తో వేసి చూడు నాయనా" అన్నారు, అంతే.

ఆ చుక్క 1.5708 దగ్గరి ధ్రువానికి (టాంజెంట్ విలువ అనంతమయ్యే బిందువుకు) నిట్టనిలువుగా 0.001 ఎత్తున ఉందనుకోండి. టాంజెంట్ దానిని కల్పిత అక్షం మీద సుమారు 1000 ఎత్తుకు విసిరేస్తుంది. నా ప్రోగ్రాము అక్కడే ఆగిపోయింది. ఆగకుండా ఇంకొక్క అడుగు వేస్తే ఆ ఎత్తు 1కి పడిపోయి, ఆపైన 0.7616, 0.6420, 0.5663 అంటూ నత్తనడకన సున్నా వైపు దిగుతుంది. నూరు అడుగులు వేసినా ఇంకా 0.12 దగ్గరే ఉంటుంది. (సైన్‌ను కొసైన్‌తో భాగించి రాస్తే మాత్రం 1000 ఎత్తున రెండూ కంప్యూటరు పరిమితిని దాటి లెక్క చెడుతుంది, జాగ్రత్త.) వాస్తవ అక్షానికి పైనా కిందా ఉన్న బిందువులన్నీ ఇలాగే సున్నాకు చేరతాయి కాబట్టి అవి ఫాటూ సమితిలోవి (అంటే కాస్త జరిపినా దారి మారని బిందువులు), జూలియా సమితి అంటే అనంతంతో కలిపి ఆ అక్షం ఒక్కటే.

బహుపదికి అనంతం ఒక స్థిర బిందువు. ఎక్స్‌పొనెన్షియల్ వంటి ప్రమేయం ఎన్ని అడుగులు వేసినా అనంతాన్ని తాకదు. టాంజెంట్ మాత్రం ధ్రువం నుంచి ఒక్క అడుగులో అక్కడికి చేరుతుంది, ఆ తరువాత విలువే లేదు కనుక ప్రయాణం ముగుస్తుంది. ఏదో ఒక అడుగున ధ్రువం మీద పడే బిందువులన్నింటినీ, వాటి అవధి బిందువులనూ (అవి ఎంత దగ్గరగానైనా చేరే చోట్లనూ) కలిపితే వచ్చేదే ఇక్కడ జూలియా సమితి. బెర్గ్‌వైలర్ అనే గణిత శాస్త్రవేత్త 1993 నాటి సర్వే వ్యాసంలో ఈ తేడాలన్నీ వివరంగా ఉన్నాయి.

చూడముచ్చటైన చిత్రమే కావాలంటే, సైన్ శూన్యాలకు (దాని విలువ సున్నా అయ్యే బిందువులకు) న్యూటన్ పద్ధతి వాడి, అంటే సంఖ్య నుంచి దాని టాంజెంట్‌ను తీసివేస్తూ పోయి, ఏ శూన్యానికి చేరిందో దానిని బట్టి రంగు వేయండి. 1.5తో మొదలుపెడితే అది పక్కనున్న సున్నాను వదిలి -12.5664కు, 1.55తో మొదలుపెడితే ఏకంగా -47.1239కు పోతుంది.