టెక్ సందేహాలు: ‘300 డీపీఐ’ అని రాసేస్తే మోనే సముద్రం పెద్దదవుతుందా?

మా కొత్తింటి హాల్లో సోఫా వెనక గోడ బోసిగా ఉంది. ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరాన ఉన్న బెల్ ఈల్ దీవిలో వేసిన ‘పోర్ట్ గుల్ఫార్ రాళ్లు’ బొమ్మని షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ సైట్ నుంచి దించుకున్నాను. ఫైలు అడ్డంగా 3000 పిక్సెల్స్ ఉంది. మూడడుగుల వెడల్పున ప్రింట్ కావాలంటే, షాపతను ఫోటోషాప్‌లో ఏదో నొక్కి ‘72 ఉండేది, 300 డీపీఐ చేసేశాను, ఇక ఢోకా లేదు’ అన్నాడు. నమ్మొచ్చా? – ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

అరకిలో కందిపప్పు సంచి మీద ‘కిలో’ అని రాస్తే పప్పు పెరగదు కదండీ. ఇదీ అంతే. డీపీఐ, అంటే అంగుళానికి ఇన్ని చుక్కలు అనే అంకె, ఫైలుకి తగిలించిన చీటీ మాత్రమే. మీ దగ్గరున్న సరుకు 3000 పిక్సెల్స్. 36 అంగుళాలకి సాగదీస్తే అంగుళానికి 83 పడతాయి, చీటీ మీద ఏం రాసినా సరే. ఒకవేళ ఆయన ‘రీశాంపుల్’ టిక్కు పెట్టి నొక్కితే పిక్సెల్స్ పెరిగే ఉంటాయి, కానీ అవి ఉన్నవాటి మధ్య సాఫ్ట్‌వేర్ అంచనా వేసి పూడ్చినవి. కొత్త వివరం ఏదీ రాదు.

ఇంకో మాట. ఈ బొమ్మ అసలు కొలతలు 66 × 81.8 సెంటీమీటర్లు. అంటే సుమారు 26 × 32 అంగుళాలు. మీరు అడుగుతున్నది మోనే వేసినదాని కన్నా పెద్ద కాపీ! వేయించుకోకూడదని కాదు. కానీ ఆయన కుంచె గీతలన్నీ ఎనిమిదో వంతు లావెక్కుతాయి. కామా గుర్తుల్లా చకచకా వేసిన ఆ గీతలే ఈ బొమ్మకి ప్రాణం.

అలాగని 83 పనికిరాదనుకోకండి. ఎంత దూరం నుంచి చూస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఓ లెక్క గుర్తుపెట్టుకోండి: 3440ని దూరంతో (అంగుళాల్లో) భాగించండి. మామూలు కంటిచూపుకి ఆ దూరంలో అంగుళానికి అన్ని పిక్సెల్స్ చాలు. ఎదురు సోఫాలోంచి ఆరడుగుల దూరం, అంటే 72 అంగుళాలు అనుకుంటే 48 సరిపోతాయి. మీ 83 దర్జాగా నెగ్గుతుంది. కానీ వచ్చిన చుట్టాలు ఊరుకుంటారా? లేచి రెండడుగుల దగ్గరకొచ్చి ‘ఇదేంటి, ఎక్కడిది’ అని ముక్కు ఆనించి చూస్తారు. అప్పుడు 143 కావాలి. అందుకే నా ఓటు 20 అంగుళాల వెడల్పుకి: అంగుళానికి 150 వస్తాయి. చుట్టూ మూడేసి అంగుళాల తెల్ల మౌంట్ బోర్డు వదిలి ఫ్రేమ్ కట్టిస్తే 26 అంగుళాలు దాటుతుంది. గోడ నిండుతుంది, బొమ్మా చెదరదు.

పిక్సెల్స్ కన్నా నాకు ఎక్కువ భయం వేసేది మన ల్యాబుల కొలతలు చూసి. మనవాళ్ల సరంజామా అంతా పెళ్లి ఆల్బమ్ కోసం: 12 × 18, 12 × 36. మీ బొమ్మ నిష్పత్తి 1.24. 12 × 18 షీటుది 1.5. ‘ఫుల్ ఫిట్’ అని చెప్పారో, 18 అంగుళాల వెడల్పుకి పద్నాలుగున్నర ఉండాల్సిన ఎత్తు 12కి తెగుతుంది. ఆరో వంతు పోయినట్టే. పోయేదేంటో చూడండి. బెల్ ఈల్ బొమ్మల్లో మోనే క్షితిజ రేఖని చాలా పైకి జరిపేశాడు. ఆకాశం పైన ఓ పట్టీ మాత్రమే, కిందంతా రాళ్లూ నీళ్లూ. కత్తెర పడేది ముందుగా ఆ పట్టీ మీదే. అదీ లేకపోతే కంటికి ఊపిరాడే చోటుండదు. పెళ్లిఫోటోలో మామగారి తలపాగా తెగితే గొడవ చేస్తాం కదా, దీనికీ చేయండి. 16 × 20 అయితే నిష్పత్తి 1.25, దాదాపు సరిగ్గా కూర్చుంటుంది. లేదంటే ‘కట్ చేయొద్దు, మిగిలినచోట తెలుపు వదిలెయ్’ అని కాగితం మీద రాసివ్వండి. నోటిమాటగా చెప్తే మెషీన్ మీదున్న కుర్రాడి దాకా చేరదు.

అదే దీవి బొమ్మ ఇంకోటి వేయించాను. ఫోన్లో సముద్రం నీలం, పచ్చ కలిసి మెరిసిపోతోంది. ప్రింట్‌లో చీకటిగా, వంకాయ రంగులో వచ్చింది. ల్యాబ్ వాళ్లేమో ‘ఫైలే అలా ఉందమ్మా’ అంటున్నారు. – ఒక పాఠకురాలు, విజయవాడ

తప్పు ఎవరిదో తేల్చే ముందు ఒక పని చేయండి. ఫోన్ డిస్‌ప్లే సెట్టింగుల్లో ‘వివిడ్’ ఉంటే ‘నేచురల్’కి మార్చండి. వెలుతురు సగానికి తగ్గించండి. అప్పుడు మళ్లీ ప్రింట్ పక్కన పెట్టి చూడండి. సగం తేడా అక్కడే పోతుంది. తెర తనే దీపం. కాగితానికి సొంత వెలుగు లేదు, పడ్డ కాంతిని తిప్పి కొడుతుంది, అంతే.

మిగతా సగం వంకాయ రంగు. ఇది బాగా తెలిసిన రోగమే. స్క్రీన్ రంగుల్ని ఎరుపు, పచ్చ, నీలం కాంతులతో (ఆర్‌జీబీ) చూపిస్తుంది. ఆ నీలాన్ని సయాన్, మెజెంటా, పసుపు, నలుపు (సీఎంవైకే) సిరాల్లోకి మార్చేటప్పుడు లేత నీలి సయాన్‌కి గులాబీ మెజెంటా ఎక్కువ తోడై నీలం ఊదావైపు జారుతుంది. విజిటింగ్ కార్డులు, శుభలేఖలు వేసే లేజర్ డిజిటల్ ప్రెస్సుల్లో ఇది మామూలే. ఇలాంటి బొమ్మకి అడగాల్సింది ఎనిమిదో పన్నెండో సిరాలుండే పిగ్మెంట్ (సన్నటి రంగు రేణువుల సిరా) ఇంక్‌జెట్. ఫైలు ఎస్ఆర్‌జీబీలోనే (స్క్రీన్లకి మామూలుగా వాడే ఆర్‌జీబీ రకం) ఇవ్వండి. ‘మీరు సీఎంవైకే చేయకండి, మీ కాగితానికున్న ఐసీసీ ప్రొఫైల్‌తో వేయండి’ అనండి. ఆ ప్రింటరు, ఆ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే చిన్న ఫైలే ఈ ప్రొఫైల్. షాపువాళ్ల నుంచే ‘ప్రొఫైలంటే ఏంటి’ అని ఎదురు ప్రశ్న వస్తే నవ్వేసి ఇంకో షాపుకి వెళ్లండి.

పెద్ద ప్రింటుకి ముందు, బొమ్మలో అన్నిటికన్నా నల్లగా ఉన్న రాయి, దాని పక్క తెల్లటి నురగ రెండూ వచ్చేలా 4 × 6 ముక్క కోసి వేయించండి. మోనే రాళ్లలో నలుపు అనుకున్నది నిజానికి నలుపు కాదు. ముదురు ఊదా, సీసా పచ్చ, లోతు నీలం కలిసి ఉంటాయి. ముక్కలో ఆ మూడూ విడివిడిగా కనబడితే పెద్దది వేయించండి. బొగ్గుముద్దలా అయితే ఆపండి. మ్యాట్ (మెరుపు లేని) కాగితం మీద గాఢమైన రంగులు కాస్త చప్పబడతాయి కాబట్టి, ఈ దీవి బొమ్మలకి మాత్రం నేను మ్యాట్ జోలికి పోను, సెమీ గ్లాసీయే వేయిస్తాను. తోటలూ మంచూ అయితే మ్యాటే అందం.

ముక్కని పగటి వెలుగులో కిటికీ దగ్గర చూడండి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది 6500 కెల్విన్ తెల్ల ట్యూబులైటు. ప్రింట్‌ని అంచనా వేసే పరిశ్రమ ప్రమాణం 5000 కెల్విన్. ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలివైపు పోతుంది. ట్యూబులైటు కింద అసలే చల్లటి బ్రిటనీ సముద్రం ఇంకా నీలిగడుతుంది. చివరికి వేలాడదీసేది ఆ లైటు కిందే అయితే, తుది తీర్పు కూడా ఆ లైటు కిందే ఇవ్వండి.

ఏఐ అప్‌స్కేలర్‌తో 3000 పిక్సెల్స్‌ని 12,000 చేసుకోవచ్చు కదా? ఈ లెక్కలన్నీ ఎందుకు? – ఒక విద్యార్థి, డాలస్

నేనూ ఆశపడ్డాను. ఇదే బొమ్మని నాలుగింతలు చేశాను. దూరం నుంచి అద్భుతం. దగ్గరికి జూమ్ చేస్తే, రాతి అంచున మోనే తడిరంగు మీద తడిరంగు లాగిన గీతల చోట కోడి ఈకల్లాంటివి మొలిచాయి. నురగలో ఒకచోట చేప కన్నులాంటి గుండ్రటి చుక్క! ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కువగా నేర్చుకున్నది ఫోటోల నుంచి. దానికి రాయంటే రాయిలా, నీళ్లంటే నీళ్లలా ఉండాలి. ఇక్కడేమో రెండూ రంగుముద్దలే.

1886 సెప్టెంబర్‌లో ఆ దీవికి వెళ్లిన మోనే కొద్దిరోజులు ఉందామనుకుని నవంబర్ చివరిదాకా ఉండిపోయాడు. గాలివానలో ఈజిల్ ఎగిరిపోకుండా తాళ్లతో కట్టుకుని, నలభైకి కాస్త అటూఇటుగా కాన్వాసులు వేశాడు. ఆ తొందరంతా గీతల్లోనే ఉంది. దాన్ని నున్నగా ‘సరిదిద్దితే’ మిగిలేది వాల్‌పేపర్. రెండింతలు దాటకండి, ‘షార్పెన్’, ‘డీనాయిస్’ మీటలు సున్నాకి దించండి. అంతకన్నా మంచిదారి, మ్యూజియం సైట్లో ఇంకా పెద్ద ఫైలు ఉందేమో వెతకడం. జూమ్ చేసేకొద్దీ పలకలు పలకలుగా తెరుచుకునే వ్యూయర్ ఉంటే లోపల పెద్ద ఫైలు ఉందని అర్థం.

మోనే, గోగాన్‌ల దీవుల బొమ్మలు ప్రింట్లు వేసి ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటున్నాను. కేసు అవుతుందా? – రాజమహేంద్రవరం

మన చట్టంలో చిత్రకారుడు పోయిన మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్లు కాపీరైట్. తాహితీ దీవి బొమ్మలు వేసిన ఫ్రెంచ్ చిత్రకారుడు గోగాన్ 1903లో, మోనే 1926లో పోయారు. బొమ్మల మీద ఇబ్బంది లేదు. చూసుకోవాల్సింది ఫోటో ఎక్కడిదన్నది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరి నుంచి, కాపీరైట్ తీరిపోయిన తన బొమ్మల ఫోటోలని ‘సీసీ జీరో’ కింద వదిలేసింది. అంటే అమ్ముకున్నా అడగరు. షికాగోలో కూడా ఆ గుర్తున్న బొమ్మలకి అంతే. వేరే సైట్లలో డౌన్‌లోడ్ మీట పక్కనున్న షరతులు చదవండి. మ్యూజియం పేరు వాడి, వాళ్లే ఆమోదించినట్టు రాయకండి. ఇప్పుడు బతికున్న చిత్రకారుడి అండమాన్ బొమ్మని ఇన్‌స్టాగ్రామ్‌లోంచి తీసి వేశారో, కేసు తప్పదు.

‘మ్యూజియం క్వాలిటీ జిక్లే, లిమిటెడ్ ఎడిషన్ 37/250’ అని ఒక సైట్లో అదే బొమ్మ మామూలు పోస్టర్‌కి పదింతల ధరకి ఉంది. తేడా ఏంటి? – కరీంనగర్

జిక్లే అంటే ఇంక్‌జెట్, అంతే. 1991లో కాలిఫోర్నియాలోని నాష్ ఎడిషన్స్ అనే ప్రింట్ స్టూడియోలో పనిచేస్తున్న జాక్ డుగాన్, ‘ఇంక్‌జెట్’ అంటే ఆఫీసు మెషీన్ గుర్తొస్తుందని, సిరా ‘చిమ్మడం’ అనే అర్థమొచ్చే ఫ్రెంచ్ మాట నుంచి ఈ పేరు అల్లాడు. అప్పట్లో వాళ్లు వాడింది ప్రెస్సుల్లో రంగుల ప్రూఫులు తీసే ఐరిస్ మెషీన్ని. ఆ పేరు పెట్టుకోవడానికి ఇదీ ప్రమాణం అంటూ ఏదీ లేదు. ఎవరైనా వాడొచ్చు, వాడుతున్నారు.

కాబట్టి పేరు వదిలేసి సరుకు అడగండి. సిరా పిగ్మెంటా, డై (కరిగిపోయే రంగు) సిరానా? కాగితం నూటికి నూరు శాతం కాటనా, యాసిడ్ లేనిదా? తెల్లగా కనబడటానికి ఆప్టికల్ బ్రైటెనర్లు కలిపారా? కలిపితే ఏళ్లు గడిచేకొద్దీ వాటి పని తగ్గి కాగితం పచ్చబడుతుంది. ఫైలు ఏ మ్యూజియందో చెప్పగలరా? వీటికి సూటిగా జవాబిస్తే ధర ఎక్కువైనా ఆలోచించొచ్చు. 37/250 (అంటే 250 ప్రింట్లలో 37వది) మాత్రం నాకు నవ్వొచ్చింది. మోనే 1926లోనే పోయాడు, ఆ పెన్సిల్ అంకె వేసిందెవరు? కింద మూలనున్న సంతకం బొమ్మతోపాటు అచ్చైనదే.

కాన్వాస్ మీద వేయించుకోమని కూడా ఆ సైటువాళ్లు ఊరిస్తారు. మోనే రంగు దట్టంగా పూసిన చోట గట్లు, వాటి నీడలు ఫోటోలో ముందే ఉన్నాయి. దాని కింద ఇంకో గుడ్డ నేత కనబడితే రెండు చొక్కాలు తొడిగినట్టుంటుంది. కాగితమే మేలు.

మాది బీచ్ రోడ్డు పక్క ఫ్లాట్. ప్రింట్ చెమ్మకి పాడవుతుందా? – విశాఖపట్నం

పాడయ్యేది ఎక్కువగా అద్దానికి అతుక్కుని. ప్రింట్‌కి, అద్దానికి మధ్య మౌంట్ బోర్డు తప్పనిసరి. వెనకవైపు అట్టముక్క కాకుండా ఫోమ్ బోర్డు పెట్టించి, అంచుల్ని టేపుతో మూయించండి. ఫ్రేమ్ కింది రెండు మూలల్లో చిన్న రబ్బరు బొడిపెలు అతికిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది. బాల్కనీకి ఎదురుగోడ మాత్రం వద్దు. పిగ్మెంట్ సిరా అయినా నేరుగా పడే ఎండకి ఆగదు. అద్దంలో మీ వీధి సముద్రమే తప్ప మోనేది కనబడదు కూడా.